పాత జీపు కొనబోయే ముందు

"ఇల్లు కొనేవాడు పునాది చూస్తాడు, జీపు కొనేవాడు రంగు చూస్తాడు" అంటూంటాడు మా మేస్త్రీ. రంగు చూసి బోర్లాపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కనక ఈ నాలుగు మాటలూ చెప్పే అర్హత నాకు కొంచెం ఉందనుకుంటాను.

2023 వేసవిలో మా బావమరిది భద్రాచలం నుంచి కబురు చేశాడు. "బావా! పాత మహీంద్రా జీపొకటి బేరానికొచ్చింది. ఆకుపచ్చ రంగు, అద్దంలా మెరిసిపోతోంది. ఆలస్యం చేస్తే చెయ్యి జారిపోతుంది" అని. చిన్నతనంనుంచీ జీపంటే నాకు ప్రాణం. "ఉన్న కారు చాలదుటండీ?" అని మా ఆవిడ అంటూనే ఉంది. అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన సొమ్ములోంచి పదిహేను వేలు తీసి, చెప్పాపెట్టకుండా వెళ్ళి బయానా ఇచ్చి వచ్చాను.

ఈ మోజు మనకొక్కరికే కాదు. అమెరికాలో 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ, ఫోర్డు మస్టాంగు వంటి జోరు కార్లకోసం ఇప్పటికీ ఆస్తులు ధారపోసేవాళ్ళున్నారు. మన అడవి దారులకు అలాంటి అందాలరాశి జీపే. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి అమెరికా సైన్యం కోసం తయారైన విల్లిస్ జీపును, 1947లో మహీంద్రా వారు బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ దాటి చర్ల, దుమ్ముగూడెం మట్టిబాటలు పట్టినవాళ్ళకు ఒకప్పుడు జీపే దిక్కు.

మర్నాడు మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్ళాను. ఆయన రంగు వంక చూడనైనా లేదు. సీటు ఎత్తాడు, కింద పరిచిన పట్టా లాగాడు, చాసిస్ సందులో స్క్రూడ్రైవరు పెట్టి గీకాడు. మెత్తని ఒండ్రుమట్టి రాలింది. "సారూ, ఇది గోదావరి స్నానం చేసిన బండి" అన్నాడు.

నా గుండె జారిపోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో అయితే 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు గదా! వరదలో మునిగిన బండిని కడిగి రంగు వెయ్యొచ్చుగాని, వైర్లలోకి, బేరింగుల్లోకి, చాసిస్ పొరల్లోకి వెళ్ళిన నీరు లోపల్లోపల తినేస్తూనే ఉంటుంది. హెడ్‌లైటు లోపల నీటి చార, సీటు కింద స్ప్రింగులకు తుప్పు, ముక్కవాసన కనిపిస్తే ఆ బండికో దణ్ణం పెట్టండి.

బయానా తిరిగి రాలేదు. ఆ పదిహేను వేలకు మేస్త్రీ చెప్పిన పాఠం ఇది.

మొదట కాగితాలు. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. 2014 తరవాత భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. చింతూరు మీదుగా ఇంకొంచెం పోతే ఛత్తీస్‌గఢ్‌. ఏ రాష్ట్రంలో రిజిస్టరైన బండో చూసి, బయటిదైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం అడగండి. అప్పు మీద కొన్న బండయితే అప్పు తీరినట్టు రాతకోత ఉండాలి. సొంత బండికి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆపైన అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 50 ఏళ్ళు దాటి, రూపం మారని బండికి 2021 నిబంధనల కింద వింటేజి రిజిస్ట్రేషను ఉంది. కాని దాన్ని రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు.

చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయండి. పుస్తకంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పెట్రోలు జీపులో డీజిలు ఇంజను దించినవి చాలా ఉన్నాయి. ఆ మార్పు పుస్తకంలో ఎక్కకపోతే చిక్కే.

తరవాత ఒళ్ళు. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉందన్నమాట. కిందికి దూరి, కమాను కట్టలు తగిలించిన చోట వెల్డింగు అతుకులున్నాయేమో చూడండి. సర్వీసు జీపుగా ఎనిమిది మంది ఎక్కాల్సిన చోట ఇరవై మందిని మోసిన బండికి నడుం విరిగేది అక్కడే.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంటే యజమాని ఏదో దాస్తున్నాడేమోనని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే నీళ్ళు లోపలికి వెడుతున్నాయి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడినా అదే జబ్బు.

పల్లంలో దిగుతూ యాక్సిలరేటరు మీంచి కాలు తీయండి. గేరు తనంతట తాను ఊడిరాకూడదు. నాలుగు చక్రాల పట్టును తారు రోడ్డు మీద కాక, మట్టిలో పరీక్షించండి.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకు. పెడలు గట్టిగా నొక్కి ఒక నిమిషం ఉంచండి. మెల్లగా కిందికి జారితే బేరం ఆపండి. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకే బ్రేకు వరస. ఒక గొట్టం పగిలితే నాలుగూ పోయినట్టే. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు వెనక సీట్లో పిల్లలున్నారన్న సంగతి గుర్తుంచుకోండి.

ఆర్నెల్ల తరవాత వెలిసిపోయిన బూడిదరంగు జీపొకటి దొరికింది. చూడ్డానికి దిక్కులేనిదానిలా ఉందిగాని చాసిస్ చెక్కుచెదరలేదు. మేస్త్రీ సరేనన్నాకనే, మా ఆవిడతో చెప్పి కొన్నాను. మొదటిసారి అందరం పర్ణశాల వెళ్ళాం. దారిలో ఆవిడ, "రంగు వేయించరూ?" అంది.

"ముందు బ్రేకు గొట్టాలు కొత్తవి వేయిస్తాను" అన్నాను.

"ఇప్పటికి బుద్ధొచ్చింది" అంది.

మీకు చెప్పేదీ అదే. పాత బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు మేస్త్రీని తీసుకెళ్ళండి. డబ్బు ఇంట్లోనే ఉంచి వెళ్ళండి.