ఆర్కిడ్ పూల సరదా – వేసవి జాగ్రత్తలు

ఒకప్పుడు పూల ప్రదర్శనలలో చూసి ఆనందించిన ఆర్కిడ్ మొక్కలు ఇప్పుడు మన వరండాలలోను, మేడల మీద, ఫ్లాట్ల బాల్కనీలలోను వేలాడుతున్నాయి. డెండ్రోబియమ్ రకం ఒకసారి పూసిందంటే ఆ పూలు కొన్ని వారాలపాటు వాడకుండా కనువిందు చేస్తాయి. ఉద్యోగ విరమణ చేసినవారికి ఇది మంచి కాలక్షేపం. ఒళ్ళు కదులుతుంది, మనసు తేలికపడుతుంది. కాని వేసవిలో ఈ మొక్కను బతికించడానికి మీరు చేసే పనులే మీకు జబ్బు తెచ్చిపెట్టకుండా చూసుకోవాలి.

ముందు ఈ మొక్క తత్వం తెలుసుకోండి. మన ఊళ్ళలో మామిడిచెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా అనే ఆర్కిడ్‌ను చూసి చాలామంది అది చెట్టు రసం పీల్చే బదనిక అనుకుంటారు. అది సరికాదు. ఆర్కిడ్ చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. గాలిలో వేలాడే వేళ్ళకు స్పంజివంటి తెల్లని పొర ఉంటుంది. వాననీటిని, మంచును ఆ పొర పీల్చుకుంటుంది. అందుకే దీనిని మట్టిలో కాక కొబ్బరిపీచు, బొగ్గు, ఇటుక ముక్కలలో పెంచుతారు. వేసవిలో ఇవి త్వరగా ఆరిపోతాయి గనుక మాటిమాటికీ నీళ్ళు చల్లడం, కుండీ కింద నీటి పళ్ళెం పెట్టడం, తేమ నిలవడానికి నాచు వాడడం తప్పనిసరి అవుతుంది. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఎండ సంగతి

ఆర్కిడ్‌కు నీడ, తేమ కావాలి. పచ్చవల కింద నేలంతా తడిపి ఉంచితే మొక్క సంతోషిస్తుంది. మన శరీరం చల్లబడేది మాత్రం చెమట ఆరడం వల్ల. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఎండ 37 డిగ్రీలే ఉన్నా మనిషి సొమ్మసిల్లడానికి కారణం ఇదే. మొక్కకు హాయిగా ఉన్నచోట మీకూ హాయిగా ఉంటుందని అనుకోకండి.

2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అరవై దాటినవారు, గుండె, మూత్రపిండాల జబ్బులవారు, మధుమేహం ఉన్నవారు, రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు వడదెబ్బకు త్వరగా గురవుతారు. ఇటువంటివారు ఉదయం ఎనిమిది లోపల తోటపని ముగించాలి. వేళ్ళు, ఆకులు రాత్రిలోపు ఆరిపోతాయి కాబట్టి మొక్కకు నీళ్ళు పోయడానికి కూడా ఇదే మంచి సమయం. పచ్చవల కట్టడం, కుండీలు మార్చడం వంటి బరువు పనులు మధ్యాహ్నం పెట్టుకోవద్దు.

దాహం వేసేదాకా ఆగకుండా, పనికి ముందే ఒక గ్లాసు నీళ్ళు తాగండి. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుంటే మంచిది. ఉప్పు, నీరు తగ్గించమని డాక్టరు చెప్పినవారు మాత్రం ఆయనను అడిగి తాగాలి.

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చినట్లుండడం కనిపించగానే పని ఆపి నీడకు చేరండి. మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ అనుకుని వెంటనే 108కి ఫోను చేయండి. చెమట పట్టింది కాబట్టి వడదెబ్బ కాదనుకోవద్దు. అంబులెన్సు వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరండి. చంకలలో, గజ్జలలో మంచుగడ్డల సంచి పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. ఈ వేడికి జ్వరం మాత్రలు పనిచేయవు.

పళ్ళెంలో దోమ

డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు మురుగు కాలువ అక్కరలేదు. కుండీ కింద పళ్ళెంలో నిలిచిన శుభ్రమైన నీరు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది. ఈ దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. సరిగ్గా మీరు మొక్కల దగ్గర ఉండే వేళలవి.

వారానికి ఒకరోజు అన్ని పళ్ళేలూ ఖాళీ చేసి, పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టండి. నీరు పారబోసినంత మాత్రాన సరిపోదు. ఈ దోమ గుడ్లు పళ్ళెం అంచుకు అంటుకుని తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. తేమ కోసం పళ్ళెం తప్పనిసరి అయితే దాని నిండా ఇసుక పోసి తడిగా ఉంచండి. పైకి నీరు తేలకూడదు. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా అధిక జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళు నొప్పులు వస్తే సొంతంగా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోకండి. అవి డెంగీలో రక్తస్రావాన్ని పెంచగలవు. డాక్టరుకు చూపించండి.

నాచుతో వచ్చే పుండు

కొందరు తేమ కోసం స్ఫాగ్నమ్ అనే ఎండు నాచు వాడతారు. ఇందులో స్పోరోథ్రిక్స్ అనే బూజు ఉండవచ్చు. చేతిమీది చిన్న గీతలోంచి అది లోపలికి పోతుంది. కొన్ని రోజులకో వారాలకో అక్కడ నొప్పిలేని గడ్డ లేచి, పుండుగా మారుతుంది. తరువాత ముంజేతి మీదుగా పైకి ఒకే వరుసలో పూసలు గుచ్చినట్లు గడ్డలు వస్తాయి. అమెరికాలో 1988లో ఈ నాచును చేతులతో ముట్టుకున్న 84 మందికి ఈ జబ్బు వచ్చింది.

మామూలు చీము పుండు అనుకుని వాడే యాంటీబయాటిక్ మందులకు ఇది లొంగదు. బూజును చంపే మందు నెలల తరబడి వాడాలి. మానని పుండు చూపించినప్పుడు మీరు మొక్కలు పెంచుతారన్న మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బు త్వరగా తెలుస్తుంది. నాచును తడిపి, చేతితొడుగులు వేసుకుని పట్టుకోండి. కొబ్బరిపీచుతో సరిపెట్టుకోగలిగితే ఇంకా మంచిది. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి.

పురుగుమందు

వేసవిలో ఆకులకు ఎర్రనల్లి, పిండినల్లి పడుతుంటాయి. మందు కొనేముందు నీళ్ళధారతో ఆకులు కడిగి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. మందు చల్లక తప్పకపోతే గాలికి ఎదురుగా నిలబడకండి. పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు. పని అయ్యాక సబ్బుతో స్నానం చేయండి. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి. పొరపాటున ఎవరైనా మింగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకుండా, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. డబ్బా మీది పేరును బట్టే చికిత్స ఉంటుంది.

ఇన్ని చెప్పానని మొక్కలు మానుకోమని కాదు. పొద్దుటి పూట నీళ్ళు పోయండి, వారానికోసారి పళ్ళేలు రుద్దండి, చేతితొడుగులు వేసుకోండి. ఆ తరువాత నీడన కూర్చుని, మజ్జిగ తాగుతూ, పూసిన పూలను తీరిగ్గా చూడండి.