కల్పవాసుల నెల

ఏటా పుష్య పౌర్ణమి వచ్చేసరికి ప్రయాగ సంగమం దగ్గర ఇసుక తిన్నెల మీద మాఘమేళా గుడారాలు వెలుస్తాయి. మాఘ పౌర్ణమి దాకా నెల రోజులు అక్కడే ఉండి ఆచరించే వ్రతాన్ని కల్పవాసం అంటారు. వచ్చేవాళ్లలో పల్లెటూళ్ల పెద్దవాళ్లే ఎక్కువ. తెల్లవారకముందే పొగమంచులో చన్నీటి స్నానం, రోజుకు ఒక్క పూట భోజనం, నేల మీద పడక, పైగా రాత్రీ పగలూ మైకుల మోత. డెబ్బై ఏళ్ల నాన్నగారు వెళతానంటే డాక్టరు సంగతి అటుంచి మనమే ఒప్పుకోం.

2011 మాఘమేళా సమయంలో భారత, బ్రిటన్ పరిశోధకులు 416 మంది కల్పవాసులనూ, మేళాకు వెళ్లని 127 మందినీ రెండుసార్లు పలకరించారు: మేళాకు ముందు ఒకసారి, అది ముగిసిన నెలకు మరోసారి. ఇంటిపట్టున ఉన్నవాళ్లతో పోలిస్తే, వెళ్లొచ్చినవాళ్ల ఆరోగ్యమూ మనసూ మెరుగుపడ్డట్టు తేలింది. ఇది వాళ్లు నోటితో చెప్పిన మాటే, రక్తపరీక్ష కాదు. అయినా ఆ చలిలో నెల గడిపి వచ్చినవాళ్లు చెప్పిన మాట!

గంగమ్మ మహిమా? దాన్ని కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. పరిశోధకులు మాత్రం పక్క గుడారం వైపు వేలు చూపించారు. అందులో ఉన్నది ఏ ఊరివాళ్లో తెలియదు, కానీ ‘మనవాళ్లే’ అన్న భావం ఉంటుంది. అవసరానికి ఆదుకుంటారన్న ధీమా ఉంటుంది. ఆ మైకుల మోత మీదా ఒక ప్రయోగం జరిగింది. ఎక్కడిదో పోల్చుకోలేని రొదను వినిపించి, కొందరికి మేళాలోదనీ, కొందరికి నగర వీధుల్లోదనీ చెప్పారు. మేళాది అనుకున్నవాళ్లకు అదే రొద అంత చిరాకు అనిపించలేదు. మనింటి పెళ్లి బాజాకూ పక్క వీధి పెళ్లి బాజాకూ ఉన్న తేడాయే ఇది.

చుట్టూ ఉన్న సమాజం భక్తికి ఇచ్చే విలువ కూడా లెక్కలోకి వస్తుంది. 11 యూరప్ దేశాల్లో 1,80,000 మందికి పైగా జనం ఇచ్చిన సమాధానాలతో 2012లో ఒక అధ్యయనం వెలువడింది. భక్తికి గౌరవం ఉన్న టర్కీలాంటి చోట భక్తుల మానసిక స్థితి మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఉంది. స్వీడన్‌లాంటి చోట ఆ తేడా దాదాపు కనబడలేదు.

నాణేనికి రెండో వైపు ఉంది. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో 55 ఏళ్లు దాటిన 596 మంది ఆసుపత్రి రోగుల స్థితిని రెండేళ్లపాటు గమనించారు. దేవుడు తమను వదిలేశాడనీ, తమ మీద ఆయనకు ప్రేమ లేదనీ కుమిలిపోయినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. వాళ్లూ విశ్వాసులే. అదే దేవుణ్ని నమ్మినవాళ్లే.

మన దగ్గర మంచం పట్టిన మనిషికి ఆ కుములుపాటు తరచూ పరామర్శకు వచ్చినవాళ్ల చేతులమీదుగానే అందుతుంది. “ఏ జన్మలో చేసిన పాపమో” అని నిట్టూర్చి, పళ్లు బల్లమీద పెట్టి వెళతారు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు పళ్లు తీసుకెళ్లండి, ఆ మాట మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.