నొప్పిచేతులకు తగిన కెమేరా
(పురుగుల ఛాయాచిత్రములు తీయగోరు సోదరీమణులకు)

పూలమొక్కపై వ్రాలిన తూనీగను, ఆకుచాటున నిలిచిన మిడతను దగ్గఱగా చూచి ఛాయాచిత్రము తీయవలయునను కోరిక నేడు మన స్త్రీలలో పెక్కుమందికి కలుగుచున్నది. అయితే కీళ్లవాతముచేతను, మణికట్టు నొప్పిచేతను బాధపడువారు ‘అంత బరువు మేమెక్కడ మోయగలము?’ అని ఆ కోరికను మొలకలోనే త్రుంచివేయుచున్నారు. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అను కీళ్లవాతము పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగా వచ్చును. కావున ఇది ఏ యొకరిద్దఱి చింతయో కాదు. చేయి బలహీనమైనంతమాత్రమున కంటికి కుతూహలము తగ్గదు గదా! చేతికి తగిన పరికరము నెట్లెన్నుకొనవలయునో ఇచట మనవి చేయుచున్నాము.

మొదట బరువుల లెక్క చూతము. 2016లో వెలువడిన కేనన్ 5డి మార్క్ 4 కెమేరా బ్యాటరీతో గూడ 890 గ్రాములు. చిన్నవస్తువులను దగ్గఱనుండి పట్టు లెన్సులకు మాక్రో లెన్సులని పేరు. వానిలో 2009 నాటి కేనన్ 100 మిల్లీమీటర్ల ఎల్ లెన్సు 625 గ్రాములు. రెండును కలిసి 1515 గ్రాములు. ఇక 2022లో వచ్చిన ఓఎం-5 అను కెమేరా బ్యాటరీతో గూడ 414 గ్రాములు. దానికి అమరునట్టిది, 2012లో ఒలింపస్ సంస్థ వెలువరించిన 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు 185 గ్రాములు. ఈ జత 599 గ్రాములే. మొదటి జతలో ఐదింట రెండు పాళ్లు మాత్రమే.

ఇంత భేదమునకు కారణము కెమేరాలో వెలుగును గ్రహించు సెన్సారు పలక. అది మొదటి కెమేరాలో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, రెండవదానిలో 17.3 పొడవు, 13 వెడల్పు. పలక చిన్నదైన కొలది కెమేరాయు లెన్సును చిన్నవగును. మసకవెలుతురులో తీసిన చిత్రమునందు చిన్న పలక ఇసుక చల్లినట్లు చుక్కలు చూపునన్న మాట నిజమే. కాని పురుగుల పనిలో దానికి రెండు గుణములు కలవు. మాక్రో లెన్సు వస్తువును ఉన్నంత పరిమాణముతోనే పలకపై నిలుపగలదు. కావున పదియేడు మిల్లీమీటర్ల పురుగు చిన్న పలకను నిండుగా ఆక్రమించును. పెద్ద పలకపై సగము వెడల్పునకే చాలును. మఱియొకటి: పురుగును చిత్రమున అంతే పెద్దదిగా చూపునపుడు, లెన్సు రంధ్రపు అంకె ఒకటియే యైనచో, చిన్న పలకయందే ముందువెనుకల భాగము లెక్కువగా స్పష్టమగును.

అట్లని అన్నిటికంటె తేలికయైనదే మేలని యెంచరాదు. అదే సంస్థవారి 30 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు 128 గ్రాములే. అయితే పూర్తి పరిమాణము రావలయునన్న దాని మొన పురుగునకు ఒకటిన్నర సెంటీమీటరు దూరమునకు పోవలయును. పురుగు బెదరి యెగిరిపోవును. లెన్సు నీడయు దానిపై పడును. 60 మిల్లీమీటర్ల లెన్సునకు సుమారు తొమ్మిది సెంటీమీటర్ల యెడము దొరకును. తగ్గిన 57 గ్రాముల కొఱకు మఱింత వంగవలసి వచ్చినచో నడుమునకు లాభమేమి?

కొనుటకు ముందు ఇంటిలోనే ఒక పరీక్ష చేసికొనవచ్చును. రెండు గుడ్డసంచులలో నొకదాన కిలోన్నర బియ్యమును, రెండవదాన ఆరువందల గ్రాముల బియ్యమును తూచి పోయవలయును. ఒకనాడు తేలికసంచిని రెండు చేతులతో మొగమున కెదురుగా రెండు నిమిషములు పట్టుకొనవలయును. మఱునాటి యుదయమున మణికట్టు కుశలముగా నున్నచో, ఇంకొకనాడు బరువుసంచిని చూడవలయును. వాతపు నొప్పి పెక్కుమార్లు పట్టుకొన్నప్పుడు కాక పిమ్మట తెలియును. కావున అంగడిలో క్షణకాలము చేతబట్టి చూచుటకంటె ఈ బియ్యపుసంచి చెప్పు తీర్పే నమ్మదగినది. కీళ్లు వాచియున్న దినములలో ఈ పరీక్ష తగదు. వైద్యుని యడుగక పూనుకొనరాదు.

బరువెంత యని మాత్రమే కాక, బరువెక్కడ నున్నదని కూడ చూడవలయును. పొడవైన లెన్సు మొనయందలి బరువు చేటను ఒక్క అంచున పట్టుకొన్నట్లు మణికట్టును క్రిందికి లాగును. కెమేరా తెర ప్రక్కకు తెఱచుకొని త్రిప్పుటకు వీలుగా నుండవలయును. అపుడు మోకాళ్లపై వంగక, మోచేతులను ప్రక్కల కానించి, పీటపై కూర్చుండియే తీయవచ్చును. ఎడమచేత పురుగున్న కొమ్మను మెల్లగా పట్టుకొని ఆ చేతిపైననే లెన్సు నానించినచో, గాలికి కొమ్మయు కెమేరాయు కలిసి యూగును. చిత్రము చెదరదు, కుడిచేతికి భారమును తగ్గును. చేయి వణకువారికి చిన్న ఫ్లాష్ మిక్కిలి యుపకారి. దాని మెఱుపు కనుఱెప్పపాటుకంటె మిగుల స్వల్పమగుటచే వణకు చిత్రమున కానరాదు. ముందర తెల్లని పలుచని కాగితము కట్టినచో వెలుగు మెత్తనగును.

ఇక వేళ సంగతి. పురుగులకు మనవలె ఒడలియందు నిలుకడగల వేడి యుండదు. అందుచే తెల్లవాఱుజామున చలికి బిగిసి కదలకుండును. చిత్రములు తీయుటకు అదియే మంచి వేళయని పలువురు చెప్పుదురు. కాని వాతరోగికి వ్రేళ్లు బిగిసికొనిపోవునదియు ఆ వేళయే. ఆ బిగువు గంటకు పైగా నుండుటయు కలదు. అట్టివారు సాయంకాలమును ఎన్నుకొనవలయును. ప్రొద్దు గ్రుంకువేళ సీతాకోకచిలుకలు కొమ్మలను, గడ్డిమొనలను పట్టుకొని రాత్రికి విశ్రమించును. పగటివేళ తూనీగ యొకటి పుల్లపై వ్రాలి యెగిరినచో తఱచుగా ఆ పుల్లకే తిరిగివచ్చును; దాని యెదుట కూర్చుండి వేచిన చాలును. పెరటి కరివేపచెట్టుపై పెరుగు సీతాకోకచిలుక గొంగళిపురుగు ఎచటికిని పాఱిపోదు. చిన్నతనమున పక్షిరెట్టవలె గానవచ్చి, పెరిగి పచ్చనై, తాకినపుడు తలవెనుకనుండి ఎఱ్ఱని చీలుకొమ్మును చాచు దాని వింతలను వంటయింటి గడప దాటిన వెంటనే చూడవచ్చును.

ఆరువందల గ్రాములును మోయలేనివారికి 2023లో వచ్చిన ఓఎం టీజీ-7 కలదు. అది లెన్సు మార్చనక్కఱలేని చిన్న కెమేరా, 249 గ్రాములు. ఒక్క సెంటీమీటరు దూరమునుండియు తీయును. బెదరని పురుగులకు చాలును. ఇంట ఇదివఱకే కెమేరా యున్నచో దాని లెన్సు మొనకు తగిలించు రేనాక్స్ డీసీఆర్-250 అను భూతద్దము చాలును. క్రొత్త లెన్సు కొననక్కఱలేదు. కొన్ని ఫోనులును దగ్గఱవస్తువులను బాగుగనే పట్టును. 2021 నాటి ఐఫోన్ 13 ప్రో రెండు సెంటీమీటర్ల దూరమునుండి తీయగలదు. తెరను నొక్కుటకు వ్రేలు సహకరింపనిచో టైమరును పెట్టుకొనవచ్చును.

జర్మనీలో జన్మించిన మరియా సిబిల్లా మేరియన్ అను నామె 1699లో, తన 52వ యేట, కీటకములను చూచి చిత్రించుటకు సురినామ్ దేశమునకు ఓడపై పోయెను. అనారోగ్యముచే 1701లో తిరిగిరావలసివచ్చెను. అయినను అచట చేర్చిన చిత్రములతో 1705లో తన గ్రంథమును ఆమ్‌స్టర్‌డామ్ నగరమున వెలువరించెను. ఆమెవలె మనము సముద్రములు దాటనక్కఱలేదు. తీసిన చిత్రమునకు తేదియు స్థలమును వ్రాసి ఐనాచురలిస్ట్ వంటి చోట చేర్చినచో, మన పెరటిపురుగు శాస్త్రజ్ఞులకును ఉపయోగపడును. కావున సోదరీమణులు, చేయి నొచ్చుచున్నదని ఈ ముచ్చటను విడువక, తమ చేయి యెంత మోయునో మొదట తూచుకొని, అంతలో ఇముడు పరికరమునే కొనవలయునని మా ప్రార్థన.