టైసన్ 143, సిరాజ్ 143

శ్రీశైలం డ్యాం పక్కన సున్నిపెంటలో సాయంత్రాలు క్రికెట్ ఆడే పిల్లల్లో ఒకడు మొన్న నన్ను ఆపి ఫోన్ చూపించాడు. "అన్నా, ఈయనెవరో టైసనంట. 1955లో 143 వేసినాడంట. మన సిరాజ్ గూడా ఓవల్‌లో ఆఖరి బంతి 143 వేసినాడు గదా. అంటే ఇద్దరిదీ ఒకటే స్పీడా?"

అవునని అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. అంకెలు రెండూ నిజమే. కానీ వాటిని పక్కపక్కన పెట్టి కొలిచే ముందు ఒక్కోటి ఎలా పుట్టిందో చూడాలి.

ముందు మన హైదరాబాద్ బౌలర్ సంగతి. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో ఇంగ్లండ్ గెలుపుకు ఇంకా 7 పరుగుల దూరంలో ఉంది, చేతిలో ఒక్క వికెట్. సిరాజ్ వేసిన యార్కర్‌కు అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరిపోయింది. భారత్ 6 పరుగులతో గెలిచింది. ఆ సిరీస్‌లో అయిదు టెస్టుల్లోనూ ఆడి, 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీసిన మనిషికి అది 1,113వ బంతి. స్పీడ్ గన్ గంటకు 143 కిలోమీటర్లు చూపించింది. అంత అలసటలో ఆ వేగం ఎక్కణ్నుంచి వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ ఫ్రాంక్ టైసన్ లెక్క వేరు. 1954-55లో ఆస్ట్రేలియాలో 28 వికెట్లు తీసి, అక్కడివాళ్ల చేత 'టైఫూన్' అనిపించుకున్నాక ఆయన జట్టుతో న్యూజిలాండ్ వెళ్లాడు. వెల్లింగ్టన్‌లోని ఏరోనాటికల్ కాలేజీలో బంతికి లోహపు ముక్కలు బిగించి, ధ్వని ఆధారంగా వేగం లెక్కగట్టారు. గంటకు 89 మైళ్లు వచ్చింది, అంటే 143 కిలోమీటర్లు. ఆయన సహచరుడు స్టేథమ్‌కు 87 మైళ్లు. కానీ ఆ ఉదయం చలి, చెమ్మ. టైసన్ మూడు స్వెట్టర్లు వేసుకుని, తన పొడవాటి రనప్ లేకుండానే బంతి వేశాడు. మ్యాచ్ లేదు, ఎదురుగా బ్యాటర్ లేడు, గెలవాలన్న కసి లేదు. ఆ అంకె ఆయన శక్తికి హద్దు కాదు. ఆ పూట ఆ చలిలో ఒంటికి ఎంత చాతనయిందో అంతే.

ఇక అసలు చిక్కు, వేగాన్ని ఎక్కడ కొలిచారన్నది. శ్రీశైలం వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. వరదల రోజుల్లో జూరాల, సుంకేశుల నుంచి వదిలిన నీటి లెక్క ఒకటుంటుంది, ఇక్కడ జలాశయానికి చేరిన ఇన్‌ఫ్లో లెక్క ఇంకొకటుంటుంది. నీళ్లు అవే, కొలిచిన చోటు వేరు. ఇవాళ టీవీలో కనిపించే అంకె, బంతి బౌలర్ చేతిని వదలగానే రాడార్ పట్టుకున్న వేగం. అప్పుడే బంతి అన్నిటికంటే జోరుగా ఉంటుంది. అక్కణ్నుంచి బ్యాటర్ దాకా వెళ్లేలోపు గాలి ఒరిపిడికే సుమారు పదో వంతు తగ్గుతుంది, నేలకు తగిలాక ఇంకా పడిపోతుంది. సిరాజ్ చేతిలో 143 అయిన బంతి, పిచ్‌ను తాకకముందే 130 దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. దారి పొడవునా పట్టిన సమయాన్ని బట్టి సగటు కడితే మళ్లీ మరో అంకె వస్తుంది.

ఇదంతా మాటల్లో చెబితే వాడికి రుచించలేదు. "నాది ఎంతుంటాదన్నా?" అన్నాడు. అసలు ప్రశ్న అదేనని అప్పుడు తెలిసింది. సరే, కొలుద్దామన్నాను. ఒక పాపింగ్ క్రీజు నుంచి ఇంకో పాపింగ్ క్రీజుకు 58 అడుగులు, అంటే 17.68 మీటర్లు. టేపు లేదు గనక అడుగులు వేసి గీతలు గీశాం. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీశాం. సెకనుకు 30 ఫ్రేములు. చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి బ్యాట్ దగ్గరి గీత దాటిన ఫ్రేము దాకా వేలితో ఒక్కోటి జరుపుతూ లెక్కబెట్టాం. 21 వచ్చాయి. అంటే 0.7 సెకను. 17.68ని 0.7తో భాగించి 3.6తో గుణిస్తే గంటకు 91 కిలోమీటర్లు.

వాడి మొహం చిన్నబోయింది. నూటపది దాకా ఉంటుందనుకున్నాడు పాపం. ఇది సగటు అని, చెయ్యి వదిలినప్పుడు ఇంతకంటే ఎక్కువే ఉంటుందని చెప్పాను. పైగా వాడు వేసింది టెన్నిస్ బంతి. అది తేలిక, గాలికి తొందరగా నీరుగారిపోతుంది. ఇంకోటి కూడా చూపించాను. ఒక్క ఫ్రేము తగ్గి 20 అయితే లెక్క 95 దాటుతుంది, పెరిగి 22 అయితే 87కు దిగుతుంది. ఫోన్ కంటికి అందని ఒక్క క్షణంలో అటూ ఇటూ కలిపి తొమ్మిది కిలోమీటర్ల తేడా! పాత రోజుల కెమెరాలు మన ఫోన్ కంటే ఎంతో మేలైనవే. అయినా ఏ కొలతకైనా ఇలాంటి తప్పు కొంత వెంటే ఉంటుంది.

కొలత మారితే ఏమవుతుందో, మనిషి మారితే ఏమవుతుందో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ జెఫ్ థామ్సన్‌ను చూస్తే తెలుస్తుంది. 1975లో పెర్త్‌లో వెస్టిండీస్ మీద హైస్పీడ్ కెమెరాలు ఆయన బంతిని 160.6 అని తేల్చాయి. 1979లో అదే పెర్త్‌లో ఫాస్ట్ బౌలర్లకు పోటీ పెట్టి కొలిస్తే ఆయనే మొదట నిలిచాడు, కానీ 147.9తో. మధ్యలో 1976 డిసెంబర్‌లో అడిలైడ్ టెస్టులో క్యాచ్ కోసం పరుగెత్తి సహచరుణ్ని గుద్దుకుని భుజం చెడగొట్టుకున్నాడు. పోయిన 13 కిలోమీటర్లలో భుజం వాటా ఎంత, కొలిచిన పద్ధతి వాటా ఎంత? విడదీసి చెప్పగలవాళ్లు లేరు. ఆ పోటీలోనే హోల్డింగ్‌కు 141.3, ఇమ్రాన్‌కు 139.7, లిల్లీకి 136.4, హ్యాడ్లీకి 129.8 వచ్చాయి. ఈ పట్టికను ఇవాళ్టి టీవీ అంకెల పక్కన పెడితే లిల్లీ మీడియం పేసర్ అయిపోతాడు. హోల్డింగ్ కంటే 186వ ఓవర్లో అలసిన సిరాజే వేగం అనాల్సి వస్తుంది. నేను ఒప్పుకోను.

స్పీడ్ గన్ లేని రోజుల్లో మనుషుల కళ్లే కొలబద్దలు. 1932 జూన్‌లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు కెప్టెన్, నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగుబిడ్డ సి.కె. నాయుడు. ఆ ఉదయం మన ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ నిస్సార్ ఇద్దరు ఓపెనర్లనూ బౌల్డ్ చేశాడు, ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. తొలి ఓవర్లలో నిస్సార్ ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ లార్వుడ్ కంటే వేగమని నాయుడు అన్నట్టు చెబుతారు. అరవై ఏళ్లకు దగ్గరపడుతూ 1953-54లో కొత్తగా పుట్టిన ఆంధ్ర రంజీ జట్టును నడిపించిన మనిషి ఆయన. అన్నేళ్లు బంతి చూసిన కంటిని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ ఆ కన్ను కిలోమీటర్లు చెప్పదు, 'దీనికంటే అది జోరు' అని మాత్రమే చెబుతుంది.

హైదరాబాద్‌తో ముడిపడిన వేగం కథ ఇంకోటి ఉంది. 1962లో వెస్టిండీస్‌లో మనవాళ్లు అయిదుకు అయిదు టెస్టులూ ఓడారు. బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తల పగిలింది. వేగానికి మన బ్యాటర్లను అలవాటు చెయ్యాలని బోర్డు ఆ దీవుల నుంచే నలుగురు ఫాస్ట్ బౌలర్లను పిలిపించింది. వాళ్లలో రాయ్ గిల్‌క్రిస్ట్ 1962-63లో హైదరాబాద్‌కు రంజీ ఆడాడు. 1958-59 భారత పర్యటనలో నేల తాకకుండా మనిషి మీదికే బంతులు విసిరినందుకు సొంత కెప్టెన్ ఇంటికి పంపేసిన బౌలర్ అతనే.

గిల్‌క్రిస్ట్, టైసన్ ఆడిన కాలంలో నోబాల్ లెక్క వెనక కాలితో ఉండేది. వెనక కాలు గీత లోపల ఉంటే చాలు, దాన్ని ఈడ్చుకుంటూ ముందు కాలిని పాపింగ్ క్రీజు దాటించి బంతి వదలొచ్చు. 1963లో ముందు కాలి నిబంధన ప్రయోగంగా మొదలై, ఆ దశాబ్దం చివరికి స్థిరపడింది. బంతి అర మీటరు ముందు నుంచి వదిలారనుకుందాం. అప్పుడు 143తో వచ్చిన బంతి, ఇవాళ్టి దూరం నుంచి 147తో వచ్చినట్టు బ్యాటర్ మీద పడుతుంది. మీటరు ముందయితే 151 దాటుతుంది. చెయ్యి వేగం పెరగలేదు, బ్యాటర్‌కు దొరికే సమయం తగ్గింది.

అందుకే కాలాలను పోల్చేటప్పుడు నేను కిలోమీటర్లు వదిలేసి సెకన్లు చూస్తాను. గాలి నిరోధం పక్కనబెడితే, 58 అడుగులకు 130 బంతి 0.49 సెకను తీసుకుంటుంది, 140 బంతి 0.45, 150 బంతి 0.42, 160 బంతి 0.40. చూసింది ఒంటికి అందడానికే 0.2 సెకను పోతుంది. మిగిలిన దాంట్లోనే కాలు కదపాలి, బ్యాట్ దించాలి. 2003 ఫిబ్రవరి 22న కేప్‌టౌన్‌లో షోయబ్ అక్తర్ వేసిన 161.3 బంతిని నిక్ నైట్ ఆడేశాడు. 2022 మే 5న సన్‌రైజర్స్ హైదరాబాద్ చొక్కాలో ఉమ్రాన్ మాలిక్ 157 వేస్తే పావెల్ ఫోర్ కొట్టాడు. ఆ రోజు ఉమ్రాన్‌కు నాలుగు ఓవర్లలో 52 పరుగులు, వికెట్ లేదు.

ఇదంతా విన్నాక వాడు అడిగింది ఒక్కటే: "మరి కడపలో ఎండకు బంతి జోరుగా పోతాదంటారు గదా?" ఎండకు గాలి పలచబడే మాట నిజం. 15 డిగ్రీల కంటే 40 డిగ్రీల్లో దాదాపు 8 శాతం పలచన. కానీ బ్యాటర్ దగ్గర మిగిలే లాభం గంటకు కిలోమీటరే. ఆ వైపు రాయచోటి ప్రాంతం నుంచి వెళ్లిన ఫాస్ట్ బౌలర్ హరిశంకర్ రెడ్డిని 2021 ఐపీఎల్ వేలంలో చెన్నై 20 లక్షలకు తీసుకున్నది ఎండను చూసి కాదు.

చీకటి పడుతోంది. మళ్లీ వేశాడు, మళ్లీ లెక్కబెట్టాం, మళ్లీ 21. ఈసారి మొహం చిన్నబుచ్చుకోలేదు. బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు: టెన్నిస్ బంతి, 58 అడుగులు, 21 ఫ్రేములు, 91, సగటు.