తాటికల్లు

తాటిచెట్టు పూగెలలను చెక్కినపుడు కారే తియ్యని రసము పులిసి తాటికల్లు అవుతుంది. విజయవాడ మొదలు సముద్రతీరము వరకు కృష్ణా డెల్టాలో పొలము గట్లపై పెరిగే తాళ్ళ నుండి గీత కార్మికులు దీనిని దించుతారు.

మొదటిసారి తాగేవారికి ముందుగా తగిలేది వాసన. అది అందరికీ నచ్చదు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మార్చుతుంది, తీపి తగ్గి పులుపు, నాలుకపై చురుకు పెరుగుతాయి. మరునాటికి వెనిగర్ వలె పుల్లబడుతుంది. కనుక కల్లు రుచి చెప్పేవారు ఏ వేళ తాగినదీ చెప్పవలసి ఉంటుంది.

జర్మనీ గోధుమ బీరు కూడా ఈస్టును వడకట్టనందున ఇలాగే మసకగా కనిపిస్తుంది. అందులోని అరటిపండు, లవంగము వాసనలు ఆ ఈస్టు చలవే. అయితే ఆ బీరు సీసాలో నెలల తరబడి నిలుస్తుంది; కల్లు తొలి తీపి మాత్రము చెట్టు దగ్గరే దొరుకుతుంది.

కుండ లోపల సున్నము పూస్తే రసము పులియదు. దానిని నీరా అంటారు.