బాస్కెట్‌బాల్ పందెములు – గణితము చెప్పు తీర్పు

శామీర్‌పేటకు ఆవల నున్న తుర్కపల్లి పేరు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల వలన దేశమంతట తెలిసినది. కోవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ ఇచ్చటనే కలదు. ఆ టీకా పనిచేయునా, లేదా అని తేల్చిన గణితమే, బాస్కెట్‌బాల్ ఆటలపై పందెము కాయువాని 'కిటుకు' పనిచేయునా, లేదా అని కూడ తేల్చగలదు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూతము.

బాస్కెట్‌బాల్ ఆటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు ప్రారంభించెను. వ్యాయామశాల బాల్కనీకి కట్టిన పండ్లబుట్టలే నాడు గోలులు. నేడు అమెరికాలోని ఎన్.బి.ఎ. పోటీలలో 30 జట్లు, జట్టునకు 82 ఆటల చొప్పున, ఒక్క సీజనులో 1,230 ఆటలు ఆడును. ఇన్ని ఆటలు, ఇన్ని అంకెలు లభించుటచే, వీనిని పరిశీలించి గెలుపును ముందుగనే చెప్పవచ్చునని పలువురు ఆశపడుదురు.

బలమైన జట్టు గెలుచునని అందరికి తెలియును. కనుక బుకీ 'ఎవరు గెలుతురు?' అని మాత్రమే అడిగి ఊరకుండడు. 'ఈ జట్టు ఆరున్నర పాయింట్ల కంటె ఎక్కువ తేడాతో గెలుచునా?' అని అడుగును. రెండు ప్రక్కల అవకాశములు ఇంచుమించు సమానమగునట్లు ఆ తేడాను నిర్ణయించును. అనగా పందెము నాణెమును ఎగురవేయుట వంటిదగును. అయితే నాణెమునకు లేని గుణ మొకటి ఇందు కలదు. పందెగాడు సాధారణముగా 110 రూపాయలు ఒడ్డవలెను. గెలిచినచో వచ్చు లాభము 100 మాత్రమే. ఓడినచో పోవునది 110. సగము సరియైనను నష్టమే. లాభనష్టములు సమానము కావలెనన్న 110ని 210చే భాగింపవలెను. నూటికి 52.4 పందెములు గెలువవలెనని తేలును.

ఇపుడు టీకా సంగతి చూతము. కోవాగ్జిన్ మూడవ దశ పరీక్షలో 25,798 మంది పాల్గొనిరి. ఇంచుమించు సగము మందికి టీకా, తక్కినవారికి టీకా పదార్థము లేని సూది ఇచ్చిరి. ఎవరికి ఏది వచ్చినదో తీసికొన్నవారికి గాని, పరీక్షించువారికి గాని తెలియదు. వ్యాధి లక్షణములు కనిపించిన 130 మందిని లెక్కించి చూడగా, వారిలో టీకా పొందినవారు 24 మంది, పొందనివారు 106 మంది. ఈ ఫలితములు 2021లో ప్రకటింపబడినవి.

టీకా వ్యర్థమైనచో ఈ 130 కేసులు 130 నాణెములను ఎగురవేసినట్లు రెండు జట్లకును పంచబడవలెను. సరిగా 65 బొమ్మలు పడవు, ఇటునటు చలించును. ఆ చలనమునకు కొలత ప్రామాణిక విచలనము. నాణెముల విషయములో అది సంఖ్య యొక్క వర్గమూలములో సగము. 130 వర్గమూలము 11.4, సగము 5.7. నూటికి 95 మార్లు బొమ్మల సంఖ్య 54కును 76కును నడుమ నుండును. టీకా జట్టులోని 24 ఈ హద్దునకు ఎంతో దూరమున నున్నది. సగటు నుండి 41 తక్కువ, అనగా ఏడు ప్రామాణిక విచలనముల దూరము. ఇది అదృష్టము కాజాలదు.

ఇట్లే 130 పందెములు కాసి 70 గెలిచిన వానిని తీసికొందము. లాభము 7,000, నష్టము 6,600, మిగులు 400. 'నా పద్ధతి ఫలించినది' అని అతడు సంతసించును. కాని 65 నుండి 70కి దూరము అయిదే. ఒక్క ప్రామాణిక విచలనమైనను లేదు. నూర్గురు కూర్చుండి తలకు 130 మార్లు నాణెము ఎగురవేసినను, సుమారు 21 మందికి 70 గాని అంతకు మించి గాని బొమ్మలు పడును. వారందరు నిపుణులా?

నిజముగనే నూటికి 54 సరిగా చెప్పగలవాడు ఉన్నాడనుకొందము. వాని నేర్పు నాణెము కంటె రెండు ప్రామాణిక విచలనముల మేరకు వేరుపడుటకు 625 పందెములు కావలెను. అది సీజనులోని ఆటలలో సగమునకు పైమాట. పది, ఇరువది పందెములతో ఏమియు తెలియదు.

మోసమునకు తావు కూడ ఇచ్చటనే. ఒకడు 64 మందికి ఫోనులో జోస్యము పంపును: సగము మందికి ఈ జట్టు, సగము మందికి ఆ జట్టు గెలుచునని. తప్పిన 32 మందిని వదలి, మిగిలినవారిని మరల రెండుగా చీల్చును. ఆరవ ఆట ముగియునప్పటికి ఒక్కడు మిగులును. ఆరు జోస్యములు వరుసగా ఫలించుట వాడు కన్నులార చూచినాడు. ఏడవదానికి రుసుము అడిగిన ఇచ్చును. వదలివేయబడిన 63 మంది వానికి కనబడరు.

ఓడిన ప్రతిమారు ఒడ్డును రెట్టింపు చేయుట మరియొక ప్రసిద్ధ పద్ధతి. 100తో మొదలుపెట్టి ఏడు మార్లు వరుసగా ఓడిన 12,700 పోవును. సమాన ధరల పందెములో ఇట్లగుటకు అవకాశము 128లో ఒకటి. తక్కిన 127 మార్లు నూరేసి రూపాయలు వచ్చును. 127 నూర్లు కూడిన 12,700. వచ్చినదంతయు ఒక్కమారు పోవును! ఇక బుకీ భాగము కూడ తీసినచో మిగులునది నష్టమే. ఒడ్డును మార్చుట వలన సంభావ్యత మారదు.

1956లో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ కెల్లీ ఎంత ఒడ్డవలెనో చెప్పు సూత్రమును కనుగొనెను. మనకు నిజమైన ఆధిక్యము ఎంత ఉన్నదో దానిని బట్టియే ధనములో భాగమును ఒడ్డవలెనని దాని సారము. గెలుపు అవకాశము సగమే అయి, 110కి 100 వచ్చు పందెములో ఈ సూత్రము ఇచ్చు సంఖ్య సున్నకు తక్కువ. అనగా పందెము కాయవద్దనియే గణితము చెప్పుచున్నది.

తెలంగాణలో 2017 చట్ట సవరణ ఆన్‌లైన్ పందెములను నిషేధించినది; 2025లో పార్లమెంటు డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించినది. కాని ఫోను జేబులో నున్నంతకాలము ఆశ చూపువారు ఉందురు. ఆ ఆశను ఎదుర్కొను శక్తి విద్యార్థికి తరగతి గదిలోనే కలుగవలెను. ఉపాధ్యాయులు ఈ ప్రయోగము చేయింపవచ్చును: 40 మంది విద్యార్థులు తలకు పది మార్లు నాణెము ఎగురవేయుటకు ముందు, ఏమి పడునో కాగితముపై వ్రాయవలెను. సగటున ఇద్దరికి ఎనిమిదిగాని అంతకు మించిగాని సరిపోవును. ఆ ఇద్దరిని మరల పది మార్లు వేయుమనవలెను. వారి 'నేర్పు' ఎంత నిలుచునో తరగతి యంతయు చూడగలదు.

జూదములో రాజ్యము పోగొట్టుకొన్న నలుని కథ భారతములో కలదు. ఋతుపర్ణుడు తాండ్ర చెట్టును చూచి ఆకులు, కాయలు ఇన్ని యని చెప్పగా, నలుడు వెంటనే నమ్మలేదు. రథము నిలిపి, దిగి, లెక్కపెట్టి చూచెను. ఎవరైనను 'నా లెక్క తప్పదు' అన్నపుడు మనము చేయవలసిన పనియు అదియే.