మీకు తెలుసా? మీ బండిలో రెండో చైన్ ఉంది!

మన మోర్తాడ్‌లో బైకు చైన్ అంటే అందరి చూపూ వెనక చక్రం వైపే పోతుంది. అదే బండిలో కంటికి కనపడని రెండో చైన్ ఇంజిన్ లోపల తిరుగుతోంది. స్ప్లెండర్‌లో అయితే గేరు వేసే ఎడమవైపున ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని టైమింగ్ చైన్ అంటారు. బయటి చైన్ తెగితే చాలాసార్లు బండి ఆగడంతోనే సరిపోతుంది. లోపలిది తెగినా, పన్ను జారినా ఇంజిన్ హెడ్డే విప్పాల్సి రావచ్చు.

దాని పని ఏమిటంటే, కింద క్రాంక్ తిరుగుడును పైన వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్‌కు అందించడం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే కింది చక్రానికి 14 పళ్లుంటే పై చక్రానికి 28 ఉంటాయి. బండి స్టాండు మీద నిమిషానికి 1,400 చుట్లతో నిదానంగా ఆడుతున్నప్పుడు కూడా ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు 12 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ లయ తప్పకుండా చూసేది ఈ సన్నని చైనే.

మన నాన్నల కాలపు చేతక్‌కు, పాత టీవీఎస్ ఎక్సెల్‌కు ఈ బాధ లేదు. అవి టూ స్ట్రోక్ బండ్లు, వాటికి అలాంటి వాల్వులే ఉండవు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఈ చైన్ పల్లెపల్లెకూ చేరింది. పాత బుల్లెట్‌లో గేర్లు, పుష్ రాడ్లు ఆ పని చేసేవి. 2023లో వచ్చిన కొత్త బుల్లెట్ 350లో మాత్రం చైనే ఉంది. పసుపు పాలిష్ డ్రమ్ము తిప్పే ట్రాక్టర్లలో సాధారణంగా గేర్లే ఉంటాయి. ఇలాంటి రోలర్ చైన్‌కు మూలమైన నమూనాను 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారుచేశాడు. ఆయన పుట్టింది స్విట్జర్లాండ్‌లో.

‘చైన్ సాగింది’ అంటాం కదా, నిజానికి ఇనుము సాగదు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్ ఉంటాయి. అవి ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో లింకులో 0.02 మిల్లీమీటర్ల అరుగుదల కంటికి ఆనదు. 90 లింకులున్న చైన్‌లో అదంతా కలిస్తే 1.8 మిల్లీమీటర్లు! దానివల్ల పైనున్న కామ్ కొంచెం వెనకబడుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, బండి పికప్ తగ్గుతుంది. ఆ వదులును కొంతవరకు టెన్షనర్ అనే భాగం బిగువుగా పట్టుకుంటుంది. దాని హద్దు దాటితే మాత్రం చైన్ కొట్టుకోవడం మొదలవుతుంది.

మరి అరిగేది దేనివల్ల? కిలోమీటర్ల కంటే ఎక్కువగా పాడైన ఆయిల్ వల్ల. ఈ చైన్‌కు బయటినుంచి ఎవరూ ఆయిల్ వేయలేరు, ఇంజిన్ ఆయిలే దిక్కు. పసుపు సీజన్‌లో మన దగ్గర గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కల్లాల్లో ఉడికించి ఆరబెట్టిన కొమ్ములు పాలిష్ డ్రమ్ముల్లో తిరుగుతుంటే దుమ్ము లేస్తుంది. 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వెనక వెళ్తే మరింత దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ పాడైతే ఆ దుమ్ము సిలిండర్‌లోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. ఇక ఆ ఆయిల్ పిన్నులను కాపాడేది పోయి గరుకు కాగితంలా గీకుతుంది. అందుకే సీజన్ ముగియగానే, బుక్కులో రాసిన కిలోమీటర్లు పూర్తి కాకపోయినా, ఆయిల్ మార్చి ఎయిర్ ఫిల్టర్ చూడండి. వంద సీసీ బండిలో పట్టేదే లీటరుకు అటూ ఇటూ. అందులో పావు లీటరు తగ్గిందంటే నాలుగో వంతు పోయినట్టే. చూసేటప్పుడు బండిని చదును నేల మీద మెయిన్ స్టాండు వేసి నిలపండి. స్ప్లెండర్‌లాంటి వాటిలో ఆయిల్ పుల్లను మర బిగించకుండా, ఊరికే ఆనించి తీసి చూడాలి. ఈ చిన్న సంగతి చాలామందికి తెలియదు.

గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఏళ్ల తరబడి బండి మూలకు పడి ఉంటుంది. ఆయిలంతా కిందికి దిగి, చైన్ దాదాపు పొడిబారి ఉంటుంది. సెలవు మీద వచ్చిన రోజే స్టార్ట్ చేసి రేజ్ చేయకండి. ముందు పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయండి. తాళం ఆఫ్‌లోనే ఉంచి పది పదిహేను కిక్కులు మెల్లగా కొట్టండి, ఆయిల్ పైకి చేరే వీలుంటుంది. ఆ తర్వాతే స్టార్ట్ చేయండి.

చైన్ అరిగిందని సప్పుడును బట్టి కూడా కనిపెట్టవచ్చు. వాల్వుల దగ్గరి టాపెట్ సప్పుడు సన్నగా, ఒకే తీరుగా టిక్ టిక్‌మంటుంది. చైన్ సప్పుడు చైన్ ఉన్న వైపు నుంచి గలగలమని వస్తుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు వచ్చి ఆగిపోతే పెద్ద భయం లేదు. వేడెక్కాక కూడా వస్తుంటే వాయిదా వేయొద్దు. 28 పళ్ల చక్రం మీద చైన్ ఒక్క పన్ను జారితే, క్రాంక్ లెక్కలో సుమారు 26 డిగ్రీల తేడా! చాలా ఇంజిన్లలో ఇంకాస్త జారితే వాల్వు పిస్టన్‌కు తగిలి వంగుతుంది.

చైన్ ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకోవాలని చూడకండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ ఎక్కువ కాలం నిలవదు. పళ్ల చక్రాలు, గైడు, టెన్షనర్ కూడా చూపించండి. మంచి మెకానిక్ మాగ్నెట్ మీది ‘టీ’ గుర్తును, కామ్ చక్రం మీది గుర్తును కలిపి బిగిస్తాడు. తర్వాత ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూస్తాడు. ఆ తర్వాతే కిక్ కొడతాడు.

కార్ల సంగతికొస్తే, పాత డీజిల్ ఇన్నోవాలో ఉన్నది రబ్బరు బెల్టు. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు దాన్ని మార్చి తీరాలి. 2016లో వచ్చిన డీజిల్ క్రిస్టాలో చైన్ ఉంది. చైన్‌కు సాధారణంగా అలాంటి గడువు ఉండదు, కాబట్టే అమ్మేవాళ్లు ‘దీనికి ఖర్చే లేదు’ అంటారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఆ మాట నమ్మకుండా ఆయిల్ మార్చిన బిల్లులు అడగాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తమ ముందే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉందా? మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి.